అద్దె ఇల్లు అమ్మి మరో ఆస్తి కొంటే పన్ను వాయిదా: అమెరికా సెక్షన్ 1031 నిబంధనలు, స్వదేశానికి తిరిగొచ్చేవారు గమనించాల్సినవి

అమెరికాలో అద్దెకిచ్చిన ఇంటిని, దుకాణ సముదాయాన్ని లేదా ఖాళీ స్థలాన్ని అమ్మి, ఆ సొమ్మును మరో పెట్టుబడి ఆస్తిలో పెట్టేవారికి మూలధన లాభాల పన్నును వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది. అక్కడి అంతర్గత రెవెన్యూ నియమావళిలోని సెక్షన్ 1031 ఇందుకు ఆధారం. టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేస్తూ అద్దె ఇళ్లు కొన్న తెలుగువారికి ఈ నిబంధన సుపరిచితమే. అయితే దీని చుట్టూ రెండు అపోహలు ఉన్నాయి. పన్ను శాశ్వతంగా మాఫీ అవుతుందన్నది మొదటిది. డాలస్‌లోని ఇల్లు అమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నా ఇది వర్తిస్తుందన్నది రెండోది. రెండూ నిజం కావు. ఈ వెసులుబాటు ఎలా పనిచేస్తుంది, గడువులు ఏమిటి, దేశం మారినప్పుడు ఏమవుతుంది, భారత చట్టంలో దీనికి దగ్గరగా ఉన్న నిబంధనలేవి అన్న అంశాలు ఈ కథనంలో చూద్దాం.

వాయిదాయే, మాఫీ కాదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు 3 లక్షల డాలర్లకు అద్దె ఇల్లు కొన్నారు. నివాస భవనం ఖరీదును 27.5 ఏళ్లలో తరుగుదల కింద చూపుకోవడానికి అమెరికా చట్టం అనుమతిస్తుంది. ఆ లెక్కన ఇప్పటివరకు లక్ష డాలర్ల తరుగుదల తీసుకున్నారనుకుందాం. అంటే పన్ను లెక్కలో ఆ ఇంటి ఆధార విలువ 2 లక్షల డాలర్లకు తగ్గింది. ఇప్పుడు దానిని 6 లక్షల డాలర్లకు అమ్మితే, ఖర్చులు పక్కన పెడితే, లాభం 4 లక్షల డాలర్లు.

మామూలుగా అమ్మితే ఇందులో తరుగుదలకు సంబంధించిన లక్ష డాలర్లపై గరిష్ఠంగా 25 శాతం, మిగిలిన 3 లక్షలపై ఆదాయాన్ని బట్టి 15 లేదా 20 శాతం పన్ను పడుతుంది. 15 శాతమే అనుకున్నా మొత్తం 70 వేల డాలర్లు. అధికాదాయ వర్గాలకు వర్తించే 3.8 శాతం నికర పెట్టుబడి ఆదాయపు పన్ను, రాష్ట్ర పన్ను దీనికి అదనం.

అదే వ్యక్తి సెక్షన్ 1031 ప్రకారం 7 లక్షల డాలర్ల మరో అద్దె భవనం తీసుకుంటే ఆ ఏడాది ఈ పన్ను కట్టనవసరం లేదు. కానీ కొత్త భవనం ఆధార విలువ 7 లక్షలు కాదు. వాయిదా పడిన 4 లక్షల లాభాన్ని అందులోంచి తీసివేయగా మిగిలే 3 లక్షలు మాత్రమే. రేపు ఆ భవనాన్ని 7 లక్షలకే అమ్మినా, 4 లక్షల లాభం వచ్చినట్లే లెక్క. పాత లాభం కొత్త ఆస్తి వెంట వస్తుందే తప్ప చెరిగిపోదు. కొత్త భవనంపై తీసుకోగలిగే తరుగుదల కూడా ఆ మేరకు తక్కువగా ఉంటుంది.

వందేళ్ల నాటి నిబంధన

ఈ వెసులుబాటు 1921 నాటి రెవెన్యూ చట్టంలో తొలిసారి చోటుచేసుకుంది. ఆస్తికి బదులు ఆస్తి తీసుకున్నవారి చేతికి నగదు రాలేదు, పెట్టుబడి రూపం మారిందే తప్ప ఆగిపోలేదు, కాబట్టి అప్పుడే పన్ను అడగడం సరికాదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 1954 నియమావళిలో దీనికి సెక్షన్ 1031 అనే సంఖ్య వచ్చింది.

మొదట్లో ఇద్దరు యజమానులు ఏకకాలంలో ఆస్తులు మార్చుకోవడమే మార్పిడి అని భావించేవారు. స్టార్కర్ కేసు ఆ భావనను మార్చింది. ఒరెగాన్‌లోని కలప భూములను ఒక కుటుంబం 1967లో క్రౌన్ జెల్లర్‌బాక్ అనే సంస్థకు బదలాయించింది. అందుకు ప్రతిగా అయిదేళ్లలోగా వేరే ఆస్తులు ఇవ్వాలన్నది ఒప్పందం. ఇలా ఆలస్యంగా పూర్తయ్యే మార్పిడి కూడా చెల్లుతుందని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం 1979లో తీర్పు చెప్పింది. దరిమిలా కాంగ్రెస్ 1984లో కచ్చితమైన గడువులు విధించింది. మధ్యవర్తి ద్వారా మార్పిడి జరిపే విధానాన్ని 1991 నాటి నిబంధనలు స్థిరపరిచాయి. యంత్రాలు, వాహనాలు, కళాఖండాల వంటి చరాస్తులకూ ఉన్న ఈ సౌకర్యాన్ని 2017 పన్ను చట్టం తొలగించింది. 2018 జనవరి 1 నుంచి ఇది స్థిరాస్తులకే పరిమితం.

ఏ ఆస్తులకు వర్తిస్తుంది?

అమ్మే ఆస్తి, కొనే ఆస్తి రెండూ వ్యాపారం కోసమో పెట్టుబడి కోసమో ఉంచుకున్నవి కావాలి. రెండూ సజాతీయమైనవి కావాలని చట్టం చెబుతున్నా, స్థిరాస్తుల విషయంలో ఈ మాటకు అర్థం చాలా విశాలం. అద్దె ఇంటికి బదులు వ్యవసాయ భూమి, ఖాళీ స్థలానికి బదులు గిడ్డంగి, అపార్టుమెంటుకు బదులు దుకాణ సముదాయం తీసుకోవచ్చు.

యజమాని తాను నివసించే ఇల్లు దీని కిందికి రాదు. కొని, బాగుచేసి, వెంటనే అమ్మేవారి ఆస్తులు సరుకుగా పరిగణనలోకి వస్తాయి కాబట్టి వాటికీ వర్తించదు. అప్పుడప్పుడు తాము ఉంటూ మిగతా కాలం అద్దెకిచ్చే ఇళ్ల విషయంలో ఐఆర్‌ఎస్ 2008లో ఒక భరోసా మార్గం ప్రకటించింది. ఆ ఇల్లు కనీసం 24 నెలలు తమ వద్ద ఉండాలి. అందులోని ప్రతి 12 నెలల కాలంలో మార్కెట్ అద్దెకు కనీసం 14 రోజులు ఇచ్చి ఉండాలి. సొంత వాడకం 14 రోజులు లేదా అద్దెకిచ్చిన రోజుల్లో 10 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిని మించరాదు. సమీప బంధువులతో ఆస్తులు మార్చుకుంటే ఇరువురూ కనీసం రెండేళ్లు వాటిని ఉంచుకోవాలి. లేకుంటే వాయిదా రద్దవుతుంది.

45 రోజులు, 180 రోజులు

సెక్షన్ 1031లో ఎక్కువమంది తడబడేది గడువుల దగ్గరే. పాత ఆస్తి విక్రయం పూర్తయిన నాటి నుంచి 45 రోజుల్లోగా కొనదలచిన ఆస్తులను లిఖితపూర్వకంగా గుర్తించి, సంతకం చేసి మధ్యవర్తికి అందజేయాలి. 180 రోజుల్లోగా కొత్త ఆస్తి చేతికి రావాలి. ఈ రెండు గడువులూ ఒకే రోజున మొదలవుతాయి. 45 రోజుల తరువాత మరో 180 రోజులు లభిస్తాయనుకోవడం పొరపాటు. చివరి రోజు ఆదివారమైనా, పండుగైనా గడువు జరగదు. ప్రభుత్వం విపత్తు ప్రకటించిన ప్రాంతాలకు ఇచ్చే సడలింపు మాత్రమే దీనికి మినహాయింపు.

గుర్తించే ఆస్తుల సంఖ్యకూ పరిమితి ఉంది. విలువ ఎంతైనా మూడు ఆస్తుల వరకు పేర్కొనవచ్చు. అంతకు మించితే వాటి మొత్తం విలువ అమ్మిన ఆస్తి విలువకు రెండింతలు దాటరాదు. అదీ దాటితే, పేర్కొన్నవాటిలో విలువ రీత్యా 95 శాతం ఆస్తులను నిజంగా కొనాలి.

మరో చిక్కు పన్ను రిటర్ను తేదీతో వస్తుంది. 180 రోజులు లేదా ఆ ఏడాది రిటర్ను దాఖలు గడువు, ఏది ముందైతే అదే చివరి తేదీ. ఉదాహరణకు నవంబరు 20న ఇల్లు అమ్మితే 45 రోజుల గడువు జనవరి 4తో, 180 రోజుల గడువు లీపు సంవత్సరం కానప్పుడు మే 19తో ముగుస్తాయి. కానీ వ్యక్తుల రిటర్ను గడువు ఏప్రిల్ 15. అప్పటికి కొనుగోలు పూర్తికాకపోతే రిటర్నుకు పొడిగింపు కోరి తీరాలి. కోరకుండా రిటర్ను దాఖలు చేస్తే మిగిలిన రోజులు చేజారినట్లే. మార్పిడి వివరాలను ఫారం 8824లో చూపాలి.

సొమ్ము చేతికి రాకూడదు

విక్రయం ద్వారా వచ్చిన డబ్బు ఒక్కరోజైనా అమ్మకందారు ఖాతాలో పడితే అది మార్పిడి కాదు, మామూలు అమ్మకమే. అందుకే ఆ సొమ్మును అర్హత గల మధ్యవర్తి సంస్థ తన వద్ద ఉంచుకుని, దానితోనే కొత్త ఆస్తి కొంటుంది. ఈ ఒప్పందం విక్రయం పూర్తికాక ముందే కుదరాలి. గత రెండేళ్లలో అమ్మకందారుకు న్యాయవాదిగా, అకౌంటెంటుగా, ఆస్తుల ఏజెంటుగా పనిచేసినవారు, సమీప బంధువులు మధ్యవర్తిగా ఉండరాదు.

ఈ సంస్థల ఎంపిక తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. 2008 నవంబరులో లాండ్‌అమెరికా 1031 ఎక్స్ఛేంజ్ సర్వీసెస్ అనే మధ్యవర్తి సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఖాతాదారుల సొమ్మును పెట్టిన రుణపత్రాలు ఆర్థిక సంక్షోభంలో అమ్ముడుపోకపోవడంతో, మార్పిడి మధ్యలో ఉన్నవారి డబ్బు చిక్కుకుపోయింది. 180 రోజులు గడిచిపోయాయి, కొత్త ఆస్తి రాలేదు. ఇటువంటి బాధితులు సొమ్ము చేతికి వచ్చినప్పుడే లాభం చూపుకునేలా ఐఆర్‌ఎస్ 2010లో ఊరట కల్పించింది. తమ సొమ్మును విడి ఖాతాలో ఉంచుతారా, బీమా లేదా పూచీకత్తు ఉందా అని ముందే అడిగి తెలుసుకోవడం అందుకే అవసరం.

కొత్త ఆస్తి ముందే దొరికితే దానిని తాత్కాలికంగా వేరే సంస్థ పేరిట ఉంచి, 180 రోజుల్లోగా పాత ఆస్తిని అమ్మే విధానం కూడా ఉంది. దీనికి 2000లో ఐఆర్‌ఎస్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఖర్చు మాత్రం ఎక్కువ.

మిగుల్చుకున్న మేరకు పన్ను

పన్ను మొత్తం వాయిదా పడాలంటే కొత్త ఆస్తి విలువ పాతదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి, చేతికి రావలసిన సొమ్మంతా అందులో పెట్టాలి. పై ఉదాహరణలో 6 లక్షలకు అమ్మి, 5.5 లక్షల ఇల్లే కొని 50 వేల డాలర్లు మిగుల్చుకుంటే, ఆ 50 వేలపై అదే ఏడాది పన్ను పడుతుంది. మిగిలిన 3.5 లక్షల లాభమే వాయిదా పడుతుంది. ఇలా మిగిలే సొమ్మును అక్కడి పన్ను పరిభాషలో 'బూట్' అంటారు. పాత ఇంటిపై ఉన్న రుణం తీరి, కొత్త ఇంటిపై అంత రుణం తీసుకోకపోతే ఆ తేడా కూడా బూట్ అవుతుంది. తేడాను సొంత డబ్బుతో పూడ్చుకోవచ్చు.

కొన్ని రాష్ట్రాలు ఈ లాభాన్ని వెంటాడతాయి. కాలిఫోర్నియాలోని ఇంటికి బదులు వేరే రాష్ట్రంలో ఆస్తి తీసుకున్నవారు ఏటా ఫారం 3840 ద్వారా ఆ వివరాలు తెలపాలి. చివరికి దానిని అమ్మినప్పుడు పాత లాభంలో కాలిఫోర్నియా తన వాటా పన్ను అడుగుతుంది.

దేశం మారితే

అమెరికాలోని స్థిరాస్తి, విదేశంలోని స్థిరాస్తి సజాతీయం కావని సెక్షన్ 1031 స్పష్టంగా చెబుతోంది. కనుక అమెరికాలో ఇల్లు అమ్మి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ఎంత విలువైన ఆస్తి కొన్నా అమెరికాలో పన్ను వాయిదా పడదు. విదేశంలోని ఆస్తికి బదులు విదేశంలోనే మరో ఆస్తి తీసుకుంటే అమెరికా చట్టం అంగీకరిస్తుంది. గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉన్నవారు భారత్‌లోని అద్దె ఫ్లాటును ఇక్కడే మరోదానితో మార్చుకుంటే అక్కడ వాయిదా కోరవచ్చు. అయితే భారత చట్టం ఆ వాయిదాను పట్టించుకోదు.

స్వదేశానికి తిరిగొచ్చి స్థిరపడినవారికి ఇది మరింత ముఖ్యం. తిరిగొచ్చిన తొలి సంవత్సరాల్లో చాలామందికి సాధారణ నివాసి కాని హోదా ఉంటుంది. అప్పుడు విదేశీ ఆస్తిపై వచ్చే లాభానికి ఇక్కడ పన్ను ఉండదు. ఆ దశ దాటి సాధారణ నివాసి అయ్యాక ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. ఆ తరువాత అమెరికాలోని అద్దె ఇంటిని సెక్షన్ 1031 కింద మార్చుకుంటే, అక్కడ పన్ను వాయిదా పడినా, ఇక్కడ ఆ మార్పిడి బదిలీగానే లెక్కకు వస్తుంది. కొత్త ఇల్లు భారత్‌లో లేదు కాబట్టి ఇక్కడి నివాస గృహ మినహాయింపులూ అందవు. అక్కడ ఆ ఏడాది పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడి పన్నులో తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. ఏళ్ల తరువాత అక్కడ కట్టవలసి వచ్చినప్పుడు రెండు దేశాల లెక్కలు వేర్వేరు సంవత్సరాల్లో ఉండిపోతాయి. ఒకే లాభంపై రెండుసార్లు పన్ను పడే ప్రమాదం ఇక్కడే ఉంది. భారత్, అమెరికా ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం మూలధన లాభాలపై ఏ దేశ చట్టం ప్రకారం ఆ దేశం పన్ను విధించుకోవచ్చని చెబుతున్నందున, ఒప్పందాన్ని చూపి ఇక్కడి పన్నును తప్పించుకోలేరు.

అమెరికాకు ప్రవాసులుగా మారినవారు అక్కడి ఆస్తి అమ్మితే, కొనుగోలుదారు సాధారణంగా విక్రయ మొత్తంలో 15 శాతం మినహాయించి ఐఆర్‌ఎస్‌కు జమ చేయాలి. మార్పిడి చేసేవారు దీని నుంచి మినహాయింపునకు ముందే ఏర్పాటు చేసుకోకపోతే, ఆ 15 శాతం కొత్త ఆస్తిలో పెట్టడానికి అందదు.

భారత్‌లో ఏముంది?

ఆస్తికి ఆస్తి మార్చుకోవడాన్ని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం గుర్తిస్తుంది. ఆదాయపు పన్ను చట్టం మాత్రం మార్పిడిని కూడా బదిలీగానే నిర్వచించింది. ఇద్దరు తమ స్థలాలు పరస్పరం మార్చుకుంటే, నగదు చేతులు మారకపోయినా, ఇద్దరూ తమ స్థలాన్ని అమ్మినట్లే. స్టాంపు డ్యూటీ విలువ కూడా లెక్కలోకి వస్తుంది. భూమి, భవనాలపై దీర్ఘకాలిక లాభానికి 2024 జులై 23 నుంచి పన్ను 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న ఆస్తులకు నివాసి వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు ధరల సూచీతో 20 శాతం లెక్కను పోల్చి తక్కువైనది ఎంచుకోవచ్చు.

అమెరికా చట్టం పన్నును వాయిదా వేస్తే, భారత చట్టం షరతులతో మినహాయిస్తుంది. 1961 చట్టంలోని సెక్షన్ 54 ప్రకారం నివాస గృహం అమ్మినవారు, అది అద్దెకిచ్చినదైనా సరే, ఏడాది ముందుగా లేదా రెండేళ్లలోగా భారత్‌లో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలోగా కట్టుకున్నా లాభంపై మినహాయింపు పొందవచ్చు. పరిమితి 10 కోట్ల రూపాయలు. కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది. రిటర్ను గడువులోగా కొనలేకపోతే ఆ సొమ్మును మూలధన లాభాల ఖాతా పథకంలో జమ చేయాలి. ఇల్లు కాని ఇతర దీర్ఘకాలిక ఆస్తి అమ్మి ఇల్లు కొనేవారికి సెక్షన్ 54ఎఫ్, నిర్దేశిత బాండ్లలో ఆరు నెలల్లోగా 50 లక్షల రూపాయల వరకు పెట్టేవారికి సెక్షన్ 54ఈసీ ఉన్నాయి. దుకాణం అమ్మి మరో దుకాణం కొనేవారికి వీటిలో నేరుగా వర్తించేది లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ల సంఖ్యలు మారాయి.

నిజమైన వాయిదాకు ఇక్కడ దగ్గరగా ఉన్నది సెక్షన్ 45(5ఏ). స్థలాన్ని బిల్డరుకు ఇచ్చి ఫ్లాట్లలో వాటా తీసుకునే వ్యక్తులకు, ఉమ్మడి కుటుంబాలకు పన్ను ఒప్పందం రోజున కాక, నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన ఏడాదిలో పడుతుంది. అందుకు ఒప్పందం రిజిస్టర్ అయి ఉండాలి. ధ్రువపత్రం రాకముందే తన వాటా అమ్ముకుంటే ఈ వెసులుబాటు పోతుంది. రాజధాని అమరావతి భూసమీకరణలో భూములిచ్చిన వారికి మరో ప్రత్యేక నిబంధన ఉంది. 2014 జూన్ 2 నాటికి ఆ భూములకు యజమానులైన వ్యక్తులు, ఉమ్మడి కుటుంబాలకు ఆ బదిలీపై పన్ను మినహాయిస్తూ 2017 ఫైనాన్స్ చట్టం సెక్షన్ 10(37ఏ)ను చేర్చింది. ప్రతిగా వచ్చిన ప్లాటు అమ్మకానికీ నిర్ణీత కాలం వరకు మినహాయింపు ఉంది. ఆ గడువు దాటాక అమ్మితే మామూలు నిబంధనలే.

వాయిదా ఎప్పుడు ముగుస్తుంది?

అమెరికాలో ఒక మార్పిడి తరువాత మరొకటిగా జీవితాంతం లాభాన్ని వాయిదా వేస్తూ పోవచ్చు. యజమాని మరణిస్తే ఆ నాటి మార్కెట్ విలువే వారసులకు ఆధార విలువ అవుతుంది కాబట్టి పాత లాభం లెక్కలోంచి తొలగిపోతుంది. ఇది సంపన్నులకు అనుచిత లబ్ధి అన్న విమర్శ ఉంది. వాయిదాను ఒక్కొక్కరికి ఏడాదికి 5 లక్షల డాలర్లకు పరిమితం చేయాలని బైడెన్ ప్రభుత్వం ప్రతిపాదించినా అది చట్టం కాలేదు. మార్పిడి లేకుంటే యజమానులు ఆస్తులను కదపకుండా అట్టిపెట్టుకుంటారని, స్థిరాస్తి లావాదేవీలు మందగిస్తాయని సమర్థకుల వాదన.

భారత్‌లో శాశ్వతంగా స్థిరపడినవారు ఈ ఆఖరి ప్రయోజనంపై ఆశ పెట్టుకునే ముందు మరో సంగతి గమనించాలి. అమెరికా పౌరులు కాక, అక్కడ స్థిరనివాసమూ లేనివారు మరణిస్తే, అక్కడి ఆస్తులపై ఎస్టేట్ పన్నుకు మినహాయింపు 60 వేల డాలర్లే. అత్యధిక రేటు 40 శాతం. ఈ పన్నుపై భారత్, అమెరికాల మధ్య ఒప్పందం లేదు.

అందువల్ల విక్రయ ఒప్పందంపై సంతకం చేయడానికి ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. విక్రయం జరిగే నాటికి తమ నివాస హోదా ఏ దేశంలో ఏమిటి, కొత్త ఆస్తి ఏ దేశంలో ఉంటుంది, సొమ్ము ఎవరి చేతిలో ఉంటుంది. రెండు దేశాల చట్టాలూ తెలిసిన పన్ను నిపుణులను సంప్రదించవలసింది కూడా అప్పుడే. విక్రయం పూర్తయి డబ్బు ఖాతాలో పడ్డాక సరిదిద్దుకునే అవకాశం సెక్షన్ 1031లో లేదు.